తక్కువ చేసే ఇంగ్లీషు మాటలు: ఏది ఎక్కడ వాడాలో మెట్టు మెట్టుగా

ఒకదాన్ని తక్కువ చేసి మాట్లాడాలంటే మన గోదావరి జిల్లాల్లో మాటలకు కరువు లేదు. చులకన చేస్తాం, తీసిపారేస్తాం, పెదవి విరుస్తాం, పూచికపుల్ల కింద జమ కడతాం. ఏమీ దొరక్కపోతే "ఆఁ, ఏముందిలెండి" అన్న ఒక్క ముక్కతో ఎదుటివాళ్ళ పదేళ్ళ కష్టాన్ని పక్కన పడేస్తాం. వెటకారం మనకి పుట్టుకతో వచ్చిన విద్య. ఇంగ్లీషులోకి దిగేసరికి మాత్రం ఈ సంపదంతా రెండు మాటలకు కుదించుకుపోతుంది: 'ఇన్సల్ట్', 'డీగ్రేడ్'. రొయ్యల కంపెనీకి మెయిల్ రాసినా, హెచ్‌ఆర్‌కి ఫిర్యాదు పెట్టినా, పోటీ పరీక్షలో వ్యాసం రాసినా అవే రెండు.

డిక్షనరీ తీస్తే పని ఇంకా చెడుతుంది. బిలిటిల్ అంటే డిస్పారిజ్ అంటుంది, డిస్పారిజ్ అంటే డిప్రీషియేట్ అంటుంది, డిప్రీషియేట్ దగ్గరికెళితే మళ్ళీ బిలిటిల్ దగ్గరికి పంపిస్తుంది. చదివినవాళ్ళు మూడూ ఒకటే అనుకుంటారు. కావు. ఏది తగ్గింది, ఎవరు తగ్గించారు, కావాలనే తగ్గించారా అన్న మూడు ప్రశ్నలకు జవాబు చెప్పుకుంటే సరైన మాట దాదాపు దానంతటదే తేలుతుంది. ఈ మార్గదర్శి అంతా ఆ మూడు ప్రశ్నల మీదే నడుస్తుంది.

మొదటి మెట్టు: ముందు తెలుగులో తేల్చుకోండి

"మా మేనేజర్ నా పనిని తక్కువ చేశాడు." ఈ వాక్యాన్ని ఉన్నపళంగా ఇంగ్లీషులో పెట్టకండి. అసలేం జరిగిందో ముందు తెలుగులోనే విడమర్చుకోండి.

మీ పని మంచిదే అయినా ఆయనకు అంతగా అనిపించలేదా? అయితే 'అండర్‌రేటెడ్'. నలుగురి ముందు "ఇదేం పెద్ద పని" అన్నాడా? 'బిలిటిల్డ్'. మీరు లేనప్పుడు పైవాళ్ళ దగ్గర మీ పని బాగోదని చెప్పాడా? 'డిస్పారిజ్డ్'. మీరు చెప్పింది సగమైనా వినకుండా "అదంతా కుదరదు" అని తోసేశాడా? 'డిస్మిస్డ్'. మీ పని వల్ల కంపెనీకి వచ్చిన లాభాన్ని కావాలనే చిన్నదిగా చూపించాడా? 'ప్లేడ్ డౌన్'.

ఒకే తెలుగు వాక్యానికి ఐదు మాటలొచ్చాయి. వీటిలో మూడింటికి మేనేజర్ క్షమాపణ చెప్పాలేమో గానీ మొదటిదానికి అక్కర్లేదు, అది ఆయన అంచనా. ఫిర్యాదులో ఒకదాని బదులు ఒకటి పడితే జరగనిదాని గురించి గొడవ పడాల్సి వస్తుంది.

రెండో మెట్టు: తగ్గింది సరుకా, మాటా

ఎవరూ నోరు తెరవకపోయినా ఆ విలువ తగ్గేదేనా? ఇదే ఇక్కడ పరీక్ష. తగ్గేదే అయితే డిప్రీషియేట్, డీవాల్యూ, డిబేస్, డిమినిష్ అనే గుంపులోకి రండి. ఎవరో అంటేనే తగ్గిందంటే ఈ మెట్టు దాటి ముందుకెళ్ళండి.

డిప్రీషియేట్ అంటే కాలం గడిచేకొద్దీ ధర పడిపోవడం. లాటిన్‌లో 'ప్రెటియం' అంటే ధర, అందులోంచి వచ్చిందే ఇది. చెరువు గట్టు మీద ఏరేటర్లు, పడవ ఇంజన్, ట్రాక్టర్, కారు అన్నీ డిప్రీషియేట్ అవుతాయి. ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కల్లో మామూలు కారుకి ఏడాదికి 15 శాతం, కంప్యూటర్‌కి 40 శాతం తరుగుదల రాస్తారు. ఎవరూ కారుని తిట్టలేదు, అది పాతబడిందంతే. పాత పుస్తకాల్లో డిప్రీషియేట్‌ని నిందించడం అనే అర్థంలో కూడా వాడారు గానీ, ఇవాళ "యువర్ ఏజెంట్ డిప్రీషియేటెడ్ అవర్ ప్రాన్స్" అని రాస్తే చదివేవాడు అకౌంట్స్ విభాగానికి ఫార్వర్డ్ చేస్తాడు.

డబ్బు విషయంలో దీనికి జంటగా డీవాల్యూ ఉంది, తేడా తెలుసుకోవడం ఎగుమతుల వాళ్ళకి మరీ అవసరం. మార్కెట్లో రూపాయి తనంతట తాను జారితే అది డిప్రీషియేషన్. ప్రభుత్వం కూర్చుని నిర్ణయించి తగ్గిస్తే డీవాల్యుయేషన్. 1966 జూన్ 6న డాలరుకి 4.76 రూపాయలుగా ఉన్న మారకం రేటుని 7.50కి మార్చారు, అది డీవాల్యుయేషన్. 1991 జూలై 1న ఒకసారి, 3న మరోసారి తగ్గించినదీ అదే. ఇప్పుడు పేపర్లో "రూపాయి మరో పది పైసలు పడింది" అని వస్తే అది డిప్రీషియేషన్. భీమవరం ఎగుమతిదారుకి డాలరు బిల్లు మీద ఆ మేరకు ఎక్కువొస్తుంది. వనామీ తల్లి రొయ్యల్ని బయటి దేశాల నుంచి తెప్పించుకుని పిల్లల్ని పుట్టించే హేచరీకి అదే మేరకు ఖర్చు పెరుగుతుంది.

డిబేస్ అంటే లోపలి సరుకుని కల్తీ చేసి విలువ చెడగొట్టడం. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ 1544 నుంచి వెండి నాణేల్లో రాగి పాలు పెంచుకుంటూ పోయాడు. నాణెం మీద ఆయన బొమ్మలో ముక్కు దగ్గర పైపూత అరిగి కిందున్న రాగి ఎర్రగా బయటపడేది. జనం ఆయనకి 'ఓల్డ్ కాపర్‌నోజ్' అని పేరు పెట్టారు. అలాంటి పేర్లు పెట్టడంలో వాళ్ళూ మనకి తీసిపోరు. మనుషుల విషయంలో డిబేస్ చాలా బరువైన మాట, ఆఫీసు మెయిల్లో దాని అవసరం రాదు.

ఈ మెట్టు మీద మనవాళ్ళు ఎక్కువగా జారేది డీగ్రేడ్ దగ్గర. ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. చెరువు పట్టుబడి రోజు మీరు ముప్పై కౌంట్ అనుకున్న రొయ్యని, అంటే కిలోకి ముప్పై తూగేదాన్ని, కొనుగోలుదారు మనిషి నలభై కౌంట్ కింద రాసుకున్నాడు. కోపంతో ఇంటికొచ్చి మెయిల్ కొట్టారు: "యువర్ స్టాఫ్ డీగ్రేడెడ్ అవర్ ప్రాన్స్." చదివేవాడికి అర్థమయ్యేది ఏమిటంటే, మా వాళ్ళు ఐస్ సరిగ్గా వెయ్యక రొయ్యని పాడుచేశారు అని. ఆహార వ్యాపారంలో డీగ్రేడ్ అంటే నాణ్యత చెడిపోవడం. తర్వాతి మెయిల్లో వాళ్ళు అడిగేది ధర గురించి కాదు, టెంపరేచర్ రికార్డు గురించి. మీరు చెప్పదలిచిన మాట 'డౌన్‌గ్రేడెడ్'. తరగతి తగ్గించారు అని. "యువర్ స్టాఫ్ డౌన్‌గ్రేడెడ్ అవర్ లాట్ ఫ్రమ్ థర్టీ టు ఫార్టీ కౌంట్." ఇందులో తిట్టు లేదు, లెక్క ఉంది. డబ్బులు రావాలంటే ఇదే రాయాలి.

అలాగే ధాన్యం. తేమ 17 శాతం దాటిందని మిల్లు దగ్గర బస్తాకి కొంత తరుగు తీశారంటే ఇంగ్లీషులో అది 'డిడక్షన్' మాత్రమే. సరుకు తగ్గినా ధర తగ్గినా రెడ్యూస్, లోయర్, కట్, డిడక్ట్ అనే మామూలు మాటలు సరిపోయేచోట పెద్ద మాటలకు పోకండి.

మూడో మెట్టు: తెలియక తక్కువ అనుకున్నారా, తెలిసి తక్కువ చెప్పారా

'అండర్' తో మొదలయ్యే మాటలన్నీ ఒకే కుటుంబంలా కనిపిస్తాయి గానీ వాటి మధ్యలో పెద్ద గోడ ఉంది. అండర్‌ఎస్టిమేట్, అండర్‌రేట్, అండర్‌వాల్యూ మనసులో జరుగుతాయి. అండర్‌స్టేట్ నోటితో జరుగుతుంది. దాని పక్కనే ప్లే డౌన్, డౌన్‌ప్లే, మినిమైజ్ ఉంటాయి.

వరద రోజులు తీసుకోండి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, అప్పటికి కిందికి వదిలే నీరు సుమారు 10 లక్షల క్యూసెక్కులు. 13.75 అడుగులకి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక వచ్చాక గోదారి మధ్య లంక ఊళ్ళో ఒక పెద్దాయన "ఇది మన గుమ్మం దాకా రాదులే" అని నమ్మి పశువుల్ని కదల్చలేదు. ఆయన వరదని 'అండర్‌ఎస్టిమేట్' చేశాడు. తప్పు లెక్క వేశాడు, మోసం చెయ్యలేదు. అదే సమయంలో పై నుంచి ఎంత నీరొస్తోందో తెలిసిన మనిషి, జనం కంగారు పడతారనో, తన మీదకి వస్తుందనో "ఏం ఫర్వాలేదు" అని చెప్పాడనుకోండి. అతను 'ప్లేడ్ డౌన్ ది డేంజర్'. మొదటిది పొరపాటు, రెండోది ఆరోపణ. విలేకరి కావాలనుకునే కుర్రాళ్ళు ఈ తేడాని గోడ మీద రాసి పెట్టుకోవాలి. ప్లే డౌన్ అని రాసినప్పుడు అతనికి నిజం తెలుసునని మీరు నిరూపించగలగాలి.

అండర్‌రేట్, అండర్‌వాల్యూ మధ్య తేడా చిన్నదే. ప్రతిభ, ఆటగాడు, వంటకం లాంటివి అండర్‌రేటెడ్. డబ్బులో కొలవగలిగేది, లేదా డబ్బులో కొలవాల్సి ఉండీ కొలవనిది అండర్‌వాల్యూడ్. 'పెరటి చెట్టు మందుకి పనికిరాదు' అన్న సామెత మొత్తం అండర్‌రేట్ గురించే.

మినిమైజ్ రెండు వైపులా పదునున్న మాట. "వియ్ మినిమైజ్డ్ ది రిస్క్" అంటే ప్రమాదాన్ని నిజంగానే వీలైనంత తగ్గించాం, మెచ్చుకోలు. "దే మినిమైజ్డ్ ది ప్రాబ్లమ్" అంటే సమస్యని చిన్నదిగా చేసి చూపించారు, నింద. నష్టం, ఖర్చు, ప్రమాదం లాంటివి పక్కనుంటే మొదటి అర్థం, బాధ, తప్పు, సమస్య ఉంటే రెండో అర్థం వైపు మొగ్గుతుంది. అనుమానం మిగిలితే ప్లే డౌన్ వాడండి, దానికి ఒకటే అర్థం.

ఇక్కడే ఇంకో ఉచ్చు. "ది ఇంపార్టెన్స్ ఆఫ్ డెల్టా కెనాల్స్ కెనాట్ బీ అండర్‌ఎస్టిమేటెడ్" అని వ్యాసాల్లో తెగ రాస్తారు. ఎంత తక్కువ అంచనా వేసినా తప్పు కాదు అని, అంటే కాలవలకి అసలు ప్రాధాన్యమే లేదని కూడా దానికి అర్థం వస్తుంది. మీరు చెప్పదలచింది ఎంత గొప్పగా చెప్పినా తక్కువే అని. దానికి 'కెనాట్ బీ ఓవర్‌ఎస్టిమేటెడ్' రావాలి, లేదా 'షుడ్ నాట్ బీ అండర్‌ఎస్టిమేటెడ్' అని తేలిగ్గా బయటపడొచ్చు. ఇంగ్లీషు వాళ్ళే ఇక్కడ తడబడతారు కాబట్టి మనం సిగ్గుపడాల్సిందేమీ లేదు.

నాలుగో మెట్టు: మనిషిని తగ్గించే మాటలు

అసలు విషయం ఇక్కడుంది, కాబట్టి కాస్త నిలబడదాం.

బిలిటిల్ అంటే చిన్నబుచ్చడం. ఈ మాటని రాతలో మొదట వాడింది అమెరికా నాయకుడు థామస్ జెఫర్సన్. అమెరికా ఖండంలో జంతువులు యూరప్ వాటికంటే చిన్నవిగా, బలహీనంగా ఉంటాయని ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త బ్యూఫాన్ రాశాడు. జెఫర్సన్‌కి ఒళ్ళు మండింది. 1785లో అచ్చయిన తన పుస్తకంలో, ప్రకృతి అట్లాంటిక్‌కి అమెరికా వైపు జీవుల్ని చిన్నవిగా చేస్తుందన్న వాదాన్ని ఖండిస్తూ 'బిలిటిల్' అన్నాడు. లండన్ పత్రిక ఒకటి 1787లో, ఇదేం మాటరా బాబూ అని ఎగతాళి చేసింది. ఆయన అక్కడితో ఆగక ఒక పెద్ద మూస్ దుప్పిని వేటాడించి, ఎముకలూ చర్మం ఓడలో పారిస్‌కి తెప్పించి బ్యూఫాన్‌కి పంపించాడు. మాటకి మాట, దుప్పికి దుప్పి. అప్పట్లో అది ఒంటి పరిమాణం గురించి. ఇప్పుడు బిలిటిల్ అంటే మాటలతో, చూపుతో, నవ్వుతో ఒక మనిషిని గానీ, ఆ మనిషి చేసిన పనిని గానీ చిన్నది చెయ్యడం. సాధారణంగా ఎదురుగా ఉండగానే జరుగుతుంది. ఇంట్లో, ఆఫీసులో, తరగతిలో ఎక్కువగా పనికొచ్చేది ఇదే. నేనైతే అనుమానం ఉన్నచోట బిలిటిల్‌తోనే మొదలుపెట్టమంటాను.

డిస్పారిజ్ చరిత్ర వింటే మన పెళ్ళిళ్ళ పేరయ్యలు కూడా చెవులు రిక్కిస్తారు. పాత ఫ్రెంచిలో దానికి మూలమైన మాటకి, సమ ఉజ్జీ కాని వాళ్ళతో పెళ్ళి చేసి పరువు తీయడం అని అర్థం. ఇంగ్లండ్ రాజు ఒప్పుకున్న హక్కుల పత్రం, 1215 నాటి మాగ్నా కార్టాలో, తండ్రి పోయిన వారసులకి పెళ్ళి చేసేటప్పుడు వాళ్ళ అంతస్తుకి తగని సంబంధం కట్టబెట్టకూడదని ఒక నిబంధన ఉంది, అక్కడ వాడింది ఈ మాటే. ఇవాళ పెళ్ళి పోయి పరువు మిగిలింది. ఒకరి గురించి, ఒక వస్తువు గురించి మంచిది కాదని, పనికిరాదని మాట్లాడటం. బిలిటిల్ కంటే కాస్త లాంఛనం ఎక్కువ, మనిషి ఎదురుగా లేకపోయినా జరుగుతుంది. పలికేటప్పుడు చివర 'రేజ్' కాదు, 'రిజ్'.

ఇది చట్టంలోనూ ఉంది, అందుకే సరిగ్గా తెలిసుండాలి. మన దేశంలో ప్రకటనల విషయంలో కోర్టులు చెబుతూ వచ్చిన సూత్రం ఒకటుంది: మా సరుకే అన్నిటికంటే మంచిదని గొప్ప చెప్పుకోవచ్చు, ఎదుటివాడి సరుకు చెడ్డదని చెప్పకూడదు. రెండోది డిస్పారిజ్‌మెంట్. ఆత్రేయపురం పూతరేకుల దుకాణం "మా అంత పల్చటి రేకు ఇంకెక్కడా లేదు" అని బోర్డు పెట్టుకోవచ్చు. "పక్క కొట్టువాడిది నెయ్యి కాదు, డాల్డా" అని పెడితే తంటా. హైదరాబాద్, బెంగళూరు ఉద్యోగాల్లో ఉన్న మన పిల్లలు కూడా జాగ్రత్త. కంపెనీ వదిలేటప్పుడు సంతకం పెట్టించుకునే కాగితాల్లో 'నాన్-డిస్పారిజ్‌మెంట్' అని ఒక షరతు ఉండొచ్చు. కంపెనీ గురించి బయట చెడుగా మాట్లాడను అని ఒప్పుకోవడం అది. చదవకుండా సంతకం పెట్టి, ఆ రాత్రే లింక్డ్‌ఇన్‌లో కడుపులోదంతా కక్కేస్తే తర్వాత టెన్షన్ మీదే.

డెనిగ్రేట్ ఇంకో మెట్టు పైన. లాటిన్‌లో నల్లగా చెయ్యడం అనే అర్థం నుంచి వచ్చింది. మనం బురద చల్లడం అంటామే, దానికి దగ్గర. అన్యాయంగా పేరు చెడగొట్టడం ఇందులో ఉంటుంది కాబట్టి న్యాయమైన విమర్శకి వాడకూడదు. మాట పుట్టుకలో రంగు ఉందని కొందరు ఈమధ్య దీన్ని పక్కన పెడుతున్నారు, డిస్పారిజ్‌తో పని జరిగేటప్పుడు నష్టమేమీ లేదు.

డిమీన్ అంటే మనిషి గౌరవాన్ని దిగజార్చడం. మాటే కానక్కర్లేదు, పరిస్థితి కూడా డిమీన్ చేస్తుంది. అందరూ కుర్చీల్లో ఉంటే ఒకర్ని నిలబెట్టి మాట్లాడటం 'డిమీనింగ్'. మనవాళ్ళు "డీగ్రేడ్ చేశాడు" అని చెప్పే సందర్భాల్లో సగానికి పైగా డిమీన్ సరిపోతుంది.

ట్రివియలైజ్ అంటే మనిషిని కాదు, విషయాన్ని అల్పం చెయ్యడం. దీనికి నర్సాపురం లేసు కంటే మంచి ఉదాహరణ దొరకదు. 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా ఈ ప్రాంతానికి వచ్చిన అల్లిక, ఊరూరా ఆడవాళ్ళ చేతుల మీదుగా విదేశాలకు వెళ్ళే వ్యాపారంగా పెరిగింది. ఆ అల్లేవాళ్ళ మీద జర్మన్ సామాజికవేత్త మారియా మీస్ చేసిన అధ్యయనం 1982లో పుస్తకంగా వచ్చింది. అందులో ఆమె పట్టి చూపించింది ఇదే: గంటల తరబడి చేసే ఆ పనిని 'ఇంట్లో ఖాళీగా ఉండే ఆడవాళ్ళ కాలక్షేపం' అనేశారు, కాలక్షేపం కాబట్టి కూలి తక్కువిచ్చినా సరిపోయింది. కాలక్షేపం అని పేరు పెట్టడం ట్రివియలైజ్. ఆ పేరు చూపించి కూలి తగ్గించడం అండర్‌వాల్యూ. వరండాలో కూర్చుని అల్లుతున్న ఆవిడతో "ఏమ్మా, టైంపాసా?" అనడం బిలిటిల్. ఒక్క దారపు ఉండ చుట్టూ మూడు మాటలు, మూడూ వేరు.

అండర్‌మైన్ ఈ గుంపులో వినపడకుండా పనిచేసేది. కోట గోడ కింద సొరంగం తవ్వి కూల్చే పాత యుద్ధ విద్య నుంచి వచ్చింది. మన ఏటిగట్టు తెలిసినవాళ్ళకి వివరించక్కర్లేదు: పైన రోడ్డు బాగానే ఉంటుంది, కింద ఎలకలు, పీతలు బొరియలు చేస్తాయి, వరదొచ్చిన రాత్రి గండి పడుతుంది. మీరు తీసుకున్న నిర్ణయాన్ని మీటింగులో ఒప్పుకుని, బయటికొచ్చాక టీమ్‌తో "ఆయన మాట పట్టించుకోకండి" అనేవాడు మిమ్మల్ని బిలిటిల్ చెయ్యలేదు, అండర్‌మైన్ చేశాడు.

ఐదో మెట్టు: మనల్ని మనమే తగ్గించుకోవడం

సంక్రాంతికి కొత్త అల్లుడొస్తే అరిటాకులో ఖాళీ కనపడనివ్వరు. చివర మామగారు చేతులు కట్టుకుని "ఏదో పచ్చడి మెతుకులండీ బాబూ, ఏమీ చెయ్యలేకపోయాం" అంటారు. దీన్ని ఇంగ్లీషు వాళ్ళు 'సెల్ఫ్-డెప్రికేటింగ్' అంటారు. చేసినదాన్ని తక్కువ చేసి చెప్పుకునే మర్యాద.

డెప్రికేట్‌కీ డిప్రీషియేట్‌కీ రాతలో ఒక్క 'ఐ' అక్షరమే తేడా. డెప్రికేట్‌కి అసలు అర్థం, ప్రార్థించి దూరం పెట్టడం, వద్దని కోరడం. తనని తాను తగ్గించుకోవడానికి ఒకప్పుడు 'సెల్ఫ్-డిప్రీషియేటింగ్' అనేవారు, జనం నోళ్ళలో 'ఐ' రాలిపోయి ఇప్పుడు డెప్రికేటింగ్ గెలిచింది. సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఈ మాటని రోజూ చూస్తారు: ఒక ఫంక్షన్ 'డెప్రికేటెడ్' అంటే ఇప్పటికీ పనిచేస్తుంది, కానీ కొత్తగా వాడొద్దు, ముందుముందు తీసేస్తారు. అక్కడ 'డిప్రీషియేటెడ్' అని ఇంటర్వ్యూలో అన్నారంటే ఎదుటివాడు పెదవి చివర నవ్వు దాచుకుంటాడు.

అల్లుడి భోజనం దగ్గర చెల్లే ఈ మర్యాద రెజ్యూమెలో చెల్లదు. "ఐ హావ్ ఓన్లీ సమ్ స్మాల్ ఎక్స్‌పీరియన్స్" అని రాసుకునే మనవాళ్ళని చూస్తే జాలేస్తుంది. మామగారి మాట విన్నవాళ్ళు నవ్వి "అబ్బే, అదేం మాటండీ" అంటారు. హెచ్‌ఆర్ అనరు, నమ్మేస్తారు.

ఆరో మెట్టు: క్రియ లేకుండా కొట్టే దెబ్బ

తక్కువ చెయ్యడానికి పెద్ద క్రియే రావాలని లేదు. 'మియర్', 'జస్ట్', 'సో-కాల్డ్' లాంటి చిన్న మాటలు చాలు. "హీ ఈజ్ ఏ ఫార్మర్" అంటే రైతు. "హీ ఈజ్ జస్ట్ ఏ ఫార్మర్" అంటే రైతేగా. "యువర్ సో-కాల్డ్ రిపోర్ట్" అన్నారంటే దాన్ని రిపోర్టని పిలవడమే దండగ అని. తెలుగులో 'గారు' ఒత్తి పలికి వెటకారం చేసినట్టే.

ఇంకా ప్రమాదకరమైనది 'ఫర్'. "యువర్ ఇంగ్లీష్ ఈజ్ గుడ్ ఫర్ సమ్‌వన్ ఫ్రమ్ ఏ విలేజ్." మెచ్చుకున్నట్టే ఉంటుంది, ఊరిని పట్టుకుని ఒక తన్ను తంతుంది. దీన్ని 'బ్యాక్‌హ్యాండెడ్ కాంప్లిమెంట్' అంటారు. రాసేటప్పుడు మీ వాక్యాల్లో ఇలాంటి 'ఫర్' ఉందేమో ఒకసారి వెతుక్కోండి.

ఏడో మెట్టు: మాట వెనక వచ్చే చిన్న ముక్క

బిలిటిల్, డిస్పారిజ్, డెనిగ్రేట్, డిమీన్, ట్రివియలైజ్, అండర్‌మైన్ తర్వాత నేరుగా మనిషో వస్తువో రావాలి. "హీ బిలిటిల్డ్ అబౌట్ మై వర్క్" తప్పు, అబౌట్ తీసేయండి. విలువ తగ్గించడం అనే అర్థమొచ్చే డిట్రాక్ట్‌కి మాత్రం 'ఫ్రమ్' కావాలి: "ది స్పెల్లింగ్ మిస్టేక్స్ డిట్రాక్ట్ ఫ్రమ్ ఏ గుడ్ రిపోర్ట్." లుక్ డౌన్‌కి 'ఆన్', మేక్ లైట్‌కి 'ఆఫ్', ఫలానాదని తోసేశారు అని చెప్పాలంటే డిస్మిస్‌కి తర్వాత 'యాజ్' వస్తాయి.

మేక్ లైట్ ఆఫ్ దగ్గర మన 'లైట్ తీస్కో' గుర్తుకొస్తుంది. "టేక్ ఇట్ లైట్" ఇంగ్లీషు కాదు, మనం తయారుచేసుకున్నది. బాధ పడొద్దని చెప్పాలంటే "డోంట్ టేక్ ఇట్ టు హార్ట్". అలాగే "చీప్‌గా చూశాడు" ని "హీ సా మీ చీప్" అనకండి. "హీ లుక్డ్ డౌన్ ఆన్ మీ."

డిస్కౌంట్ క్రియగా వస్తే తగ్గింపు ధర ఒక్కటే కాదు. "డోంట్ డిస్కౌంట్ హర్ ఒపీనియన్" అంటే ఆవిడ మాటని కొట్టిపారేయొద్దు అని. ఈ అర్థంలో బరువు 'కౌంట్' మీద పడుతుంది, బట్టల కొట్లో వినే డిస్కౌంట్‌కి 'డిస్' మీద పడుతుంది.

ఇక 'ఫ్లాక్సినాసినిహిలిపిలిఫికేషన్'. దేన్నైనా విలువలేనిదిగా లెక్కగట్టడం అని అర్థం, 29 అక్షరాలు. ఫ్లోచి, నౌచి, నిహిలి, పిలి అని లాటిన్‌లో 'పనికిమాలినది' అనే అర్థమొచ్చే నాలుగు ముక్కల్ని అతికించిన సరదా మాట. పిలి అంటే వెంట్రుక, మనం గడ్డిపోచ అన్నట్టు. 18వ శతాబ్దం నుంచి ఉంది, 2018లో శశి థరూర్ ట్వీట్‌తో మన దేశంలో అందరి నోటా పడింది. క్విజ్‌లో పనికొస్తుంది. ఇంకెక్కడా వాడకండి.

చేసి చూడండి

"చెరువు మీద లాభం బాగా వచ్చినా, అప్పడుగుతారని మా బాబాయి ఏదో గట్టెక్కామన్నాడు." ఆయనకి నిజం తెలుసు, తక్కువ చేసి చెప్పాడు. "హీ ప్లేడ్ డౌన్ హిజ్ ప్రాఫిట్." అంకె కాగితం మీద తగ్గించి రాస్తే 'అండర్‌స్టేటెడ్', అది ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళు వాడే మాట కూడానూ.

"కోడలి ఉద్యోగం గురించి అత్తగారు, కంప్యూటర్ ముందు కూర్చోవడమేగా అంది." ఉద్యోగం సంగతి తీసుకుంటే ట్రివియలైజ్డ్, కోడలి మనసు సంగతి తీసుకుంటే బిలిటిల్డ్. ఎవరి వైపు నుంచి రాస్తున్నారో చూసుకోండి.

"అల్లుడు నర్సరీ పెడతానంటే, కడియంలో ఇన్ని నర్సరీలుండగా నీదెవడు చూస్తాడని మామ తేల్చేశాడు." ఆలోచనని వినకుండానే తోసేశాడు. "హీ డిస్మిస్డ్ ది ఐడియా." రేపు ఆ నర్సరీ బాగా నడిస్తే అప్పుడు "హీ అండర్‌ఎస్టిమేటెడ్ హిజ్ సన్-ఇన్-లా" అని రెండో వాక్యం రాసుకోవచ్చు.

"పులస దిగిన రోజుల్లో ఇంకో చేపని ఎవరూ లెక్కచెయ్యరు." చాలామంది ఇక్కడ బిలిటిల్ పెడతారు. కానీ ఎవరూ ఎవర్నీ తక్కువ చెయ్యలేదు. ఒకటి మరీ పెద్దదైపోయి మిగతావి కనపడకుండా పోయాయి. దానికి 'ఓవర్‌షాడో' ఉంది. "వెన్ పులస కమ్స్, ఇట్ ఓవర్‌షాడోస్ ఎవ్రీ అదర్ ఫిష్." బిలిటిల్ అని రాశారంటే, పులస సంతలో గట్టెక్కి కూర్చుని కొర్రమేనుని, శీలావతిని పేరుపేరునా వెటకారం చేసినట్టవుతుంది. గోదారి చేప కాబట్టి చెయ్యగలదేమో గానీ, ఇంగ్లీషు పేపర్ దిద్దేవాళ్ళు ఒప్పుకోరు.